నిప్పు బయట, వెచ్చదనం లోపల

పోయిన సంక్రాంతి సెలవులలో మా మనుమరాలు ఒక చిత్రమైన ప్రశ్న వేసింది. వాళ్ళ బళ్ళో టీచరుగారు "తారిణి" అనే తెరచాప పడవ కథ చెప్పారట. మన నౌకాదళానికి చెందిన ఆరుగురు వనితలు ఆ పడవలో 2017 సెప్టెంబరు నెలలో గోవా నుంచి బయలుదేరి, భూగోళమంతా చుట్టి, 2018 మే నెలలో మళ్ళీ గోవా చేరుకున్నారు. వారిలో ఇద్దరు మన తెలుగువాళ్ళు. ఒకరు విశాఖపట్నానికి చెందిన పాతర్లపల్లి స్వాతి, మరొకరు హైదరాబాదుకు చెందిన బొడ్డపాటి ఐశ్వర్య. పడవ పొడవు 17 మీటర్లు మాత్రమే. దక్షిణ అమెరికా కొసన ఉన్న హార్న్ అగ్రాన్ని వాళ్ళు 2018 జనవరిలో చుట్టి వచ్చారు. జనవరి అంటే అక్కడ ఎండాకాలమే. అయినా ఆ సముద్రం మీది గాలి ఎముకలు కొరుకుతుంది.

"తాతయ్యా, అంత చలిలో వాళ్ళు పడవ గదిలో కుంపటి పెట్టుకుని, తలుపు వేసుకుని పడుకుంటే హాయిగా ఉండేది కదా?" అని అడిగింది పిల్ల.

"హాయిగానే ఉంటుంది, తెల్లవారి లేస్తే!" అన్నాను నేను.

అదేమిటో విప్పి చెప్పడానికి నేను హార్న్ అగ్రం దాకా పోనక్కరలేకపోయింది. మా ముక్త్యాల రేవు దాకా పోతే చాలింది.

జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతాలకు సముద్రం చాలా దూరం. పూర్వం ఇవి కృష్ణాజిల్లాలో మెట్ట తాలూకాలు. 2022 నుంచి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరాయి. మెట్ట కదా అని నీళ్ళు లేవనుకోకండి. నందిగామ పక్కన మున్నేరు, జగ్గయ్యపేట పక్కన పాలేరు, దక్షిణాన సాక్షాత్తు కృష్ణమ్మ. ధనుర్మాసంలో తెల్లవారుజామున మా ఊళ్ళలో చలి 15, 16 డిగ్రీలకు దిగుతుంది. కాశ్మీరువాళ్ళు వింటే నవ్వుతారు. కాని ఎండకు అలవాటు పడిన మా ఒళ్ళకు అదే గడగడలాడించే చలి. మా చిన్నతనంలో ప్రతి ఇంటా ఒక మట్టి కుంపటి ఉండేది. పొద్దున దాని మీద కాఫీ, రాత్రి దాని చుట్టూ ముసలివాళ్ళు.

1961లో, సంక్రాంతికి ముందు, మా తాతయ్య నన్ను వెంటబెట్టుకుని ముక్త్యాల రేవులో పడవ ఎక్కాడు. అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. ఆ పడవలో కందుల బస్తాలు బెజవాడకు పోతున్నాయి. దిగువకు పోయేటప్పుడు తెరచాపతో అంతగా పని ఉండదు. ప్రవాహం కొంత, గెడలు కొంత. తిరిగి వచ్చేటప్పుడు తూర్పుగాలి పట్టుకుని తెరచాప ఎత్తి ఎగువకు వస్తారు. ఏట్లో నీళ్ళు తగ్గి ఇసుకతిన్నెలు బయటపడ్డాయి. అందుచేత రాత్రివేళ ప్రయాణం చెయ్యక, పడవను ఒక తిన్నె పక్కన కట్టేశారు.

పడవ మధ్యలో వెదురు తడికలతో అల్లిన గూడు ఉన్నది. లోపల తాతయ్యా, నేనూ, మరొక ముసలాయనా పడుకున్నాం. చీకటి పడిన కొంతసేపటికి నీళ్ళ మీదనుంచి మంచు లేచింది. దుప్పటి చెమ్మగిల్లి చలి ఇంకా ఎక్కువైంది. గూటి వెనకవైపు, ఆరుబయట, పడవవాడు వంట చేసుకున్న కుంపటి కణకణలాడుతున్నది. దాని మీద అన్నం ఎప్పుడో దిగిపోయింది.

"ఏమోయ్, ఆ కుంపటి కాస్త లోపలికి జరిపి, రెండు వైపులా గోనెపట్టాలు దించెయ్యి. పిల్లవాడు వణుకుతున్నాడు," అన్నాడు తాతయ్య.

"వద్దండి అయ్యగారూ," అన్నాడు పడవవాడు. "గూట్లోకి మనిషైనా పోవాలి, నిప్పైనా పోవాలి. ఇద్దరికీ చోటు చాలదండి."

తాతయ్యకు కోపం వచ్చింది. గూడు కాలిపోతుందన్న భయంతో అంటున్నాడనుకుని, "నేను మెలకువగానే ఉంటానులే," అన్నాడు. పడవవాడు జవాబు చెప్పలేదు. రెండు ఇటుకలు తీసి కుంపటి మీద పెట్టాడు. అవి బాగా కాగిన తరువాత పట్టకారుతో తీసి, గోనెగుడ్డలో రెండు మూడు చుట్లు చుట్టి, ఒకటి తాతయ్య కాళ్ళ దగ్గరా, ఒకటి నా కాళ్ళ దగ్గరా పెట్టాడు. అబ్బ, ఆ వెచ్చదనం! కాళ్ళు వెచ్చబడితే ఒళ్ళంతా వెచ్చబడినట్టే ఉంటుంది. ఇటుకలు చల్లారే లోపల నేను నిద్రపోయాను. తాతయ్య మాత్రం చాలాసేపు గొణుక్కుంటూనే ఉన్నాడు.

గూడు కాలుతుందన్నది ఒక భయమే. కాని "ఇద్దరికీ చోటు చాలదు" అన్న మాటలో అంతకన్న పెద్ద సంగతి ఉన్నది. నాకు అది అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది.

ఆ గూటిని కొలిచి చూద్దాం. పొడవు 8 అడుగులు, వెడల్పు 5 అడుగులు, ఎత్తు 4 అడుగులు అనుకోండి. అంటే 160 ఘనపుటడుగుల గాలి. మన ఇంట్లో 12 అడుగుల పొడవూ 10 అడుగుల వెడల్పూ 10 అడుగుల ఎత్తూ ఉన్న గదిలో 1200 ఘనపుటడుగుల గాలి ఉంటుంది. గూట్లో ఉన్నది దానిలో ఏడెనిమిదో వంతు మాత్రమే. ఆ కాస్త గాలినే ముగ్గురు మనుషులు పంచుకోవాలి. కుంపటి పెడితే అది నాలుగో ప్రాణి. అది కూడా మనలాగే గాలిలోని ప్రాణవాయువును పీల్చుకుని బతుకుతుంది. మనలాగే ఒక వాయువును విడుస్తుంది. అయితే అది విడిచేది మనం విడిచేదానికన్న చాలా దుష్టమైనది.

మీ ఇంట్లో కుంపటి ఉంటే పెద్దవాళ్ళను పక్కన పెట్టుకుని, ఆరుబయట దాన్ని ఒకసారి పరిశీలనగా చూడండి. బొగ్గులు బాగా రాజుకున్నప్పుడు వాటి మీద చిన్నచిన్న నీలిమంటలు నాట్యమాడుతుంటాయి. బొగ్గు మండుతుందని మనకు తెలుసు. మరి బొగ్గు మీద, గాలిలో, ఆ నీలిమంట దేనిది?

కుంపటి అడుగున కంతలోనుంచి గాలి లోపలికి వస్తుంది. అందులోని ప్రాణవాయువు బొగ్గుతో కలిసి బొగ్గుపులుసు గాలి అవుతుంది. మనం ఊపిరిలో విడిచేది కూడా అదే. అది పైకి పోతూ ఎర్రగా కాలిన మరికొన్ని బొగ్గుల మధ్యనుంచి దూరుతుంది. ఆ బొగ్గులు దాని దగ్గరనుంచి ప్రాణవాయువులో సగం లాగేసుకుంటాయి. అప్పుడది కార్బన్ మోనాక్సైడు అనే వాయువుగా మారుతుంది. అది కుంపటి పైకి వచ్చి బయటి గాలి తగిలేసరికి నీలంగా మండుతుంది. నీలిమంట దానిదే. బొగ్గులకు పైన బూడిద పట్టి మంట అణగిపోయినప్పుడు, "కుంపటి శాంతించింది, ఇక భయం లేదు" అనుకుంటాం. నిజానికి అప్పుడే ఎక్కువ భయం. వాయువు పుడుతూనే ఉంటుంది, మండిపోక అలాగే గదిలోకి వస్తుంది.

దీనికి రంగు లేదు, వాసన లేదు. కట్టెల పొయ్యి అయితే పొగ వచ్చి కళ్ళు మండుతాయి, దగ్గు వస్తుంది. మనం తలుపు తెరుస్తాం. పొగ మనకు చేసే ఉపకారం అదొక్కటే. బొగ్గుల కుంపటి ఆ మాత్రం హెచ్చరిక కూడా చెయ్యదు. పైగా ఈ వాయువు బరువు ఇంచుమించు గాలి బరువే. కనుక అది నేల మీదికి దిగదు, పైకప్పుకు అంటుకోదు, గది అంతటా సమంగా కలిసిపోతుంది. మంచం మీద పడుకున్నా చాప మీద పడుకున్నా ఒకటే.

ఇది ఒంట్లోకి పోయి ఏం చేస్తుంది? మన రక్తంలో హీమోగ్లోబిన్ అనే పదార్థం ఉన్నది. రక్తానికి ఎరుపు దానివల్లనే. దాన్ని కృష్ణ రేవులో పుట్టి అనుకోండి. ఊపిరితిత్తుల రేవులో అది ప్రాణవాయువును ఎక్కించుకుంటుంది. ఒంట్లో అన్ని రేవులకూ పోయి దించి, ఖాళీగా తిరిగివచ్చి, మళ్ళీ ఎక్కించుకుంటుంది. ప్రాణవాయువు మంచి ప్రయాణీకుడు. రేవు రాగానే దిగిపోతాడు. కార్బన్ మోనాక్సైడు అలా కాదు. అది ప్రాణవాయువుకన్న 200 రెట్లకు పైగా గట్టిగా పుట్టిని పట్టుకుంటుంది, ఎక్కితే ఒక పట్టాన దిగదు. అలా ఒక్కొక్క పుట్టీ నిండిపోతుంటే, రేవులో ప్రాణవాయువు ఎంత ఉన్నా ఎక్కడానికి చోటుండదు. మొదట తలనొప్పి, తరువాత కళ్ళు తిరగడం, వాంతి, మగత. నిద్రలో ఉన్నవాడికి ఇవేవీ తెలియవు. నిద్రలోనే పోతాడు.

మా ఇళ్ళలో ఈ ప్రమాదం పడవ గూట్లోకన్న మరొక చోట ఎక్కువగా పొంచి ఉండేది. అది బాలింత గది.

1964లో నందిగామలో మా పిన్నికి ఆడపిల్ల పుట్టింది. పుష్యమాసం. బాలింతకు చలిగాలి తగలకూడదని కిటికీ తలుపులు మూసి, సందులలో గుడ్డలు కుక్కి, మంచం కింద బొగ్గుల కుంపటి పెట్టారు. ఆ రోజులలో అది ఆనవాయితీ. బాలింత మీద ప్రేమతోనే అలా చేసేవారు. రెండోనాటి రాత్రి పిన్నికి భరించలేని తలనొప్పి పట్టుకున్నది. రెండుసార్లు వాంతి అయింది. పసిపిల్ల పాలు తాగడం మాని, పిలిచినా కదలకుండా వేలాడిపోయింది. ఇంట్లో పెద్దవాళ్ళు, "గాలి సోకింది" అన్నారు. ఒకరు దిష్టి తియ్యడానికి ఉప్పూ మిరపకాయలూ తెచ్చారు. మరొకరు, చలి ఎక్కువై ఉంటుందని చెప్పి కుంపట్లో ఇంకో దోసెడు బొగ్గులు పోశారు.

మా అమ్మ పరుగెత్తుకుని పోయి, వీధి చివర ఉండే నర్సమ్మగారిని పిలుచుకు వచ్చింది. ఆవిడ గదిలో అడుగు పెడుతూనే బాలింతను చూడలేదు, పిల్లను చూడలేదు. నేరుగా కిటికీ దగ్గరికి పోయి రెండు తలుపులూ బార్లా తెరిచింది. "ముందు దాన్ని పెరట్లో పెట్టండి!" అని కుంపటి చూపించింది. తరువాత తల్లినీ పిల్లనూ వసారాలోకి తెచ్చి, కంబళ్ళు కప్పి కూర్చోబెట్టింది. తెల్లవారేసరికి పిల్ల ఏడ్చింది. పసిపిల్ల ఏడుపు వినడానికి ఇంటిల్లిపాదీ అంత సంతోషించడం నేను మళ్ళీ చూడలేదు.

గాలి సోకిందన్న మాట ఒక విధంగా నిజమే. అయితే సోకింది బయటి గాలి కాదు, లోపలి గాలి. పసిపిల్లలు పెద్దవాళ్ళకన్న వేగంగా ఊపిరి తీస్తారు. అందుచేత ఈ వాయువు వాళ్ళకే ముందుగా ఎక్కుతుంది. ఆనాటినుంచి మా ఇంట్లో కుంపటి గడప దాటి లోపలికి రాలేదు. వసారాలో ఇసుక వేయించి మూటకట్టి, చేత్తో వేడి చూసి, బాలింతకు కాపడం పెట్టేవారు. పడవవాడి ఇటుకకు అది తోబుట్టువే.

ఇది మన పల్లెలలో చదువులేనివాళ్ళకే వచ్చే ఆపద అనుకుంటే పొరపాటు. 1596లో డచ్చి దేశపు నావికుడు విలియం బారెంట్స్ ఓడ ఉత్తర ధ్రువ సముద్రంలో, నొవాయా జెమ్ల్యా దీవి దగ్గర మంచులో చిక్కుకుపోయింది. ఓడవాళ్ళు ఒడ్డున కర్రల ఇల్లు కట్టుకుని చలికాలం గడిపారు. డిసెంబరులో ఒకనాడు చలి భరించలేక, ఓడలోనుంచి రాక్షసిబొగ్గు తెచ్చి మంట పెట్టారు. బొగ్గు బాగా రాజుకుని, అంతవరకు ఎరగనంత వెచ్చగా ఉన్నది. ఆ వెచ్చదనం పోనివ్వకూడదని తలుపులూ పొగగొట్టమూ మూసేశారు. ఎంతో సుఖంగా మాట్లాడుకుంటూ పడుకున్నవాళ్ళకు కాసేపటికి తలలు తిరగసాగాయి. ఒకడు ఎలాగో లేచి తలుపు తెరిచి, బయట మంచులో సొమ్మసిల్లి పడిపోయాడు. ఆ తెరిచిన తలుపులోనుంచి వచ్చిన చలిగాలే అందరి ప్రాణాలూ నిలబెట్టింది. అన్నాళ్ళూ వాళ్ళు ఏ చలిని చూసి భయపడ్డారో అదే!

తరువాత 300 ఏళ్ళకు పైగా గడిచినా ఈ శత్రువు పోలేదు. 1934లో అమెరికా నౌకాదళాధికారి రిచర్డ్ బర్డ్ దక్షిణ ధ్రువ ఖండంలో, మంచులో పూడ్చిన ఒక చిన్న గదిలో ఒంటరిగా చలికాలం గడిపాడు. వాతావరణం కొలవడం ఆయన పని. గదిలోని పొయ్యి గొట్టంలోనుంచీ, రేడియోకు కరెంటు ఇచ్చే యంత్రంలోనుంచీ ఈ వాయువు లోపలికి చేరి ఆయన్ను మంచాన పడవేసింది. పొయ్యి వెలిగిస్తే విషం, ఆర్పితే చలి. తనకోసం చీకట్లో ఎవరూ ప్రమాదానికి గురికాకూడదని ఆయన ఆ సంగతి దాచాడు. కాని ఆయన పంపే రేడియో మాటలు తడబడుతూ ఉండడం చూసి, స్థావరంలో ఉన్న సహచరులు అనుమానించారు. ఆగస్టులో వచ్చి కాపాడారు.

ఇక తెరచాప పడవలో ఓడ ప్రయాణం చేసేవాళ్ళు ఏం చేస్తారు? చలిదేశాలలో కుటుంబాలు కుటుంబాలే చిన్న పడవలలో నెలల తరబడి కాపురం ఉండడం కద్దు. వాళ్ళు పడవవాడి ఇటుక సూత్రమే పాటిస్తారు. దానికి యంత్రాల రూపం వచ్చింది, అంతే. చాలా పడవలలో గోడకు బిగించిన చిన్న పొయ్యి, దానికి పైకప్పును దాటి బయటికి పోయే గొట్టం ఉంటాయి. శ్రీనగరులో దాల్ సరస్సు మీది ఇంటిపడవలలో బుఖారీ అనే ఇనుప పొయ్యి ఉంటుంది. అదీ ఇలాంటిదే. ఇంతకన్న మేలైనది డీజిలుతో పనిచేసే మరొక పరికరం. అది మండడానికి కావలసిన గాలిని ఒక గొట్టంతో బయటినుంచే తీసుకుంటుంది, మండిన వాయువును మరొక గొట్టంతో బయటికే పంపుతుంది. లోపలికి వచ్చేది ఒట్టి వేడిగాలి. గదిలో ఉన్నవాళ్ళ గాలినీ నిప్పు పీల్చే గాలినీ అది కలవనివ్వదు.

గొట్టంలేని కిరసనాయిలు పొయ్యితో ఇంకొక చిక్కు ఉన్నది. ఒక లీటరు కిరసనాయిలు మండితే లీటరుకు పైగా నీళ్ళు ఆవిరి రూపంలో పుడతాయి! నమ్మకం కలగకపోతే, లాంతరు వెలిగించగానే చల్లని చిమ్నీ లోపలివైపు ఎలా మసకబారుతుందో చూడండి. ఆ ఆవిరి పడవ గోడలకు తగిలి నీళ్ళయి కారుతుంది. పరుపులు తడుస్తాయి. తడి గుడ్డలో చలి రెట్టింపు. అందుకే పడవవాళ్ళు గది వెచ్చగా ఉండడమే కాదు, పొడిగా కూడా ఉండాలంటారు. ఎంత చలిలోనైనా ఒక గాలికంత తెరిచే ఉంచుతారు.

వంటగ్యాసు సంగతి మరీ విడ్డూరం. అది గాలికన్న బరువు. ఇంట్లో గ్యాసు కారితే నేల మీద పాకి, తలుపు తెరవగానే గడప దాటి పోగలదు. పడవ అలా కాదు, పడవ ఒక పెద్ద గిన్నె. కారిన గ్యాసు అడుగున నీళ్ళలాగా నిలిచిపోతుంది. ఒక్క నిప్పురవ్వ చాలు. కనుక సిలిండరును పడవపై భాగంలో, అడుగున సముద్రంలోకి కంత ఉన్న ప్రత్యేకమైన పెట్టెలో ఉంచుతారు. పొయ్యి మీద వంట చేసుకోవచ్చును గాని, చలి కాచుకోవడానికి దాన్ని వెలిగించి నిద్రపోకూడదు.

ఇంత జాగ్రత్త తీసుకున్నా, పడకల దగ్గర ఒక చిన్న పెట్టెను బిగిస్తారు. గాలిలో కార్బన్ మోనాక్సైడు పెరిగితే అది కీచుమని అరుస్తుంది. పూర్వం ఈ పని పిట్టలు చేసేవి. స్కాట్లండు శాస్త్రజ్ఞుడు జాన్ హాల్డేన్ ఈ వాయువును తానే పీల్చి, తనకు ఏమవుతున్నదో రాసుకున్న సాహసి. ఆయన 1890లలో ఇచ్చిన సలహా మీద గనులలోకి పంజరాలతో కానరీ పిట్టలను తీసుకుపోయేవారు. పిట్ట మనిషికన్న ముందుగా సొమ్మసిల్లేది. బ్రిటనులో ఈ పిట్టల ఉద్యోగం 1986లో ముగిసి, యంత్రాల పాలయింది. పిట్టలకు మంచిరోజులు వచ్చాయి.

మా మనుమరాలు ఇదంతా విని, "మనకు తెరచాప పడవలు లేవు కదా, తాతయ్యా?" అన్నది. లేకపోతేనేం? హైదరాబాదు - విజయవాడ రహదారి మా రెండు ఊళ్ళ మీదుగానే పోతుంది. రాత్రిపూట దాని పక్కన బారులు తీరి ఆగిన లారీలను చూడండి. డ్రైవరు పడుకునే క్యాబిను మా పడవ గూడుకన్న చిన్నది. అందులో అద్దాలన్నీ బిగించి, చిన్న గ్యాసు పొయ్యి వెలిగించి పడుకోవడం, లేదా మూసిన షెడ్డులో ఇంజను నడుస్తుండగా నిద్రపోవడం, బారెంట్స్ మనుషులు చేసిన పనే. విడిదికి పోయిన చోట గది మూసుకుని లోపల బొగ్గులు రాజెయ్యడం కూడా అదే. ప్రతి చలికాలం ఇలాంటి వార్తలు పత్రికలలో చూస్తూనే ఉన్నాం. మూసిన స్నానాల గదిలో గొట్టంలేని గ్యాసు బాయిలరు పెట్టుకున్న ఇళ్ళవాళ్ళు కూడా ఒకసారి పైకి చూసి, గాలికంత ఉన్నదో లేదో చూసుకోవడం మంచిది.

ఒకే గదిలో ఉన్న ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి వచ్చి, బయటికి పోగానే తగ్గుతున్నదంటే అది జ్వరం కాదు, దిష్టి కాదు. వెంటనే తలుపులు తెరిచి అందరినీ ఆరుబయటికి తీసుకురావాలి, నిప్పును బయటికి చేర్చాలి, 108కి ఫోను చెయ్యాలి. స్పృహ తప్పినవాడిని కాపాడబోయి మనం ఆ గదిలోనే నిలబడిపోకూడదు. ఊపిరి బిగబట్టి, కిటికీ తెరిచి, లాక్కుని రావాలి. బయటికి వచ్చి కాస్త తేరుకున్నా ఆసుపత్రికి పోవలసిందే. మామూలు గాలి పీలుస్తూ ఉంటే, రక్తంలో చేరిన వాయువు సగానికి తగ్గడానికే నాలుగైదు గంటలు పడుతుంది. ఆసుపత్రిలో ముక్కుకూ నోటికీ తొడుగు పెట్టి స్వచ్ఛమైన ప్రాణవాయువు ఇస్తే, అదే పని ఇంచుమించు గంట, గంటన్నరలో అవుతుంది.